ముద్దు పెట్టని మనవరాలు

అమెరికాలోని యాకిమా లోయలో ఆదివారం ఉదయం బట్టలుతికే దుకాణం అద్దాలకు ఆవిరి పట్టి, బయటి ఆపిల్ తోటలు నీళ్లలో మునిగినట్టు కనబడతాయి. డ్రయ్యర్లు తిరుగుతుంటే ఆ వెచ్చదనానికి తల్లుల కళ్లు మూతలు పడుతుంటాయి. ఒబ్దులియా మాట్లాడేది అప్పుడే.

అక్కడి తల్లుల్లాగే మెక్సికో నుంచి వలస వచ్చిన యాభై మూడేళ్ల మనిషి. వారంలో ఆరు రోజులు ప్యాకింగ్ షెడ్డులో ఆపిల్ పళ్లు ఏరుతుంది. పిల్లలపై లైంగిక వేధింపుల గురించి తల్లులకు చెప్పమని క్లినిక్ వాళ్లు శిక్షణ ఇచ్చినప్పుడు మొదట మీటింగులు పెట్టింది. ఎవరూ రాలేదు. బట్టలు ఆరేదాకా ఎవరూ కదలలేరని గమనించి ఇక్కడికి మార్చింది. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెడుతూ చెబుతుంది. ఒంట్లో ప్రతి భాగానికీ అసలు పేరు నేర్పమంటుంది. అమ్మకు చెప్పొద్దని ఎవరైనా అంటే ముందు అమ్మకే చెప్పాలని నేర్పమంటుంది. వద్దన్న బిడ్డను ఎవరి ఒళ్లోకీ తోయొద్దంటుంది.

ఆ చివరి మాటకు తల్లులు నవ్వేవారు. వాళ్లలో ఇంటికొచ్చిన పెద్దలందరికీ పిల్లలు వరసగా బుగ్గ మీద ముద్దు పెట్టాలి. పెట్టకపోతే మాట పడేది తల్లే. "మా అత్తగారికి నువ్వే వచ్చి చెప్పక్కా" అనేది యదీరా. ఆమెకు ఆరేళ్ల కూతురు.

ఏప్రిల్‌లో ఒబ్దులియా ఇంట్లో మనవడి బాప్టిజం విందు జరిగింది. పెరట్లో పూత రాలుతోంది. మొక్కజొన్న పిండితో చేసిన టమాలీలు ఉడికే గిన్నె మీది ఆవిరిలో రేకులు తేలిపోతుంటే అందరూ సగం నిద్రలో ఉన్నట్టున్నారు. ఆమె అన్న ఎరిబెర్తో వచ్చి చేతులు చాచాడు. ఏడేళ్ల మనవరాలు నయెలి అమ్మమ్మ గౌను వెనక నక్కింది.

"వెళ్లవే, తాతయ్యకి ముద్దు పెట్టు" అంటూ ఒబ్దులియా పిల్ల వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. ఏళ్లనాటి అలవాటు, ఆ చెయ్యి తనది కానట్టే కదిలింది. బల్ల దగ్గర యదీరా ప్లేటు పట్టుకుని చూస్తోంది. ఆ చూపుతో ఒబ్దులియాకు తెలివొచ్చింది. ఊరుకుంటే ఇన్ని ఆదివారాలు చెప్పిందంతా ఉత్తమాటే. ఆపితే నలుగురిలో అన్న చిన్నబోతాడు.

ఆమె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పు నాదే తల్లీ. నీకిష్టం లేకపోతే వద్దు. చెయ్యి ఊపు చాలు."

"నేనేమన్నా పులినా?" అన్నాడు ఎరిబెర్తో. "చిన్నప్పుడు మనం పెట్టలేదా? చచ్చామా?"

"వద్దనొచ్చని ఎవరూ చెప్పలేదు కాబట్టి పెట్టాం అన్నయ్యా. నీ మీద అనుమానం కాదు. నీ దగ్గరే వద్దనలేని పిల్ల ఇంకోడి దగ్గర ఎలా అంటుంది?"

అతను కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాడు. నయెలి దూరం నుంచి చెయ్యి ఊపింది. అతను చూడలేదు. సాయంత్రం దాకా చెల్లెలితో మాట్లాడనూ లేదు.

కాసేపటికి యదీరా వచ్చింది. ప్లేటులోది ముట్టలేదు. తను షెడ్డుకు వెళ్లేటప్పుడు కూతుర్ని ఒకావిడ ఇంట్లో దింపుతుంది. రెండు వారాలుగా పిల్ల అక్కడికి పోనని ఏడుస్తోంది. నిన్న కొట్టి మరీ ఈడ్చుకెళ్లింది. "ఆ ఇంట్లో ఆవిడ మరిది ఉంటాడక్కా" అంది, నిద్రలో మాట్లాడినట్టు.

గుచ్చి గుచ్చి అడగొద్దని, తిట్టొద్దని, తప్పు నీది కాదని పిల్లకు చెప్పమని ఒబ్దులియా నెమ్మదిగా చెప్పింది. రేపు పని మానేసి క్లినిక్‌కు తోడొస్తానంది. "ఏమీ లేదని తేలితే?" అని యదీరా నసిగింది.

"తేలితే మంచిదేగా" అంది ఒబ్దులియా.

యదీరా కూతురు చెట్టు కింద ఒళ్లో రేకులు పోగేసుకుంటోంది. తల్లి పక్కన చతికిలబడి, ఇక ఆ ఇంటికి వెళ్లక్కర్లేదని చెప్పింది.

"రేపు కూడానా?" అంది పిల్ల తలెత్తకుండా.

"రేపు కూడా."

"ఎల్లుండి?"

వారంలో రోజులన్నీ ఒక్కొక్కటే అడిగింది. యదీరా ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది.