వేయించిన మన్ను

ఆ కలుపుమొక్కకు వయ్యారిభామ అని పేరు పెట్టిన మహానుభావుడికి దాని దురద ఎన్నడూ అంటి ఉండదు. ఎనభైల చివర్లో అది బోధన్ పక్క మా ఊళ్లో కాలువ పొడవునా పాకి, మా చెరుకు చేను గట్టు మీది తంగేడును ఒక్క మొక్క మిగలకుండా తరిమేసింది. బర్రెలు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకునేవి. మనుషులకంటే వాటికే తెలివి ఎక్కువ.

మా అమ్మది (మా వైపు అమ్మనే అవ్వ అంటాం) సిరికొండ. గుట్టల్లో తంగేడు మధ్య పెరిగిన మనిషి. బతుకమ్మలో సొంత గట్టు మీద తన చేత్తో తెంపిన తంగేడే పేర్చాలని ఆమె పట్టుదల. ఆ ఏడు మొదటిసారి నిజామాబాద్ అంగట్లో పువ్వు కొనుక్కొచ్చాను. ఆ కట్టను ఆమె చాలాసేపు చేతిలోనే పట్టుకుంది.

"పువ్వు కొనుక్కునే దినం వచ్చిందా బిడ్డా," అంది. నాకు సిగ్గేసింది.

ఎందుకంటే నేను మామూలు మనిషిని కాను. నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే సారును. మట్టిలో ఒక రకం బూజు ఉంటుందనీ, దాని దారాలు వేళ్లలోకి పాకి మొక్కకు భాస్వరం అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయనీ, ఆ బూజు ఎవరి కొమ్ము కాస్తే ఆ నేల మీద వాళ్లదే రాజ్యమనీ ఏటా నల్లబల్ల నిండా బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. కలుపు పాతుకుపోయిన చోట పాత మొక్కలకు తోడుండే బూజు తగ్గిపోవచ్చని కూడా చెప్పేవాణ్ణి. పరీక్షలో అడుగుతారని.

అమ్మకు తెలిసిన బూజు ఇంట్లో దులిపేది ఒక్కటే. ఆమె పుట్టింటికి పోయి, గుట్ట మీద తంగేడు మొదట్లోని మన్ను రెండు గోనె సంచులకు ఎత్తించుకుని, ఇంత విత్తనం కొంగున కట్టుకుని బస్సులో వచ్చింది.

"గీ మన్ను ఏసి పెడితే పాణం పోసుకుంటది."

నేను నవ్వాను. అందులో ఏ కలుపు గింజలున్నాయో, ఏ తెగుళ్లున్నాయో అని నా చదువు హెచ్చరించింది. గానుగ దగ్గర బెల్లం వండే పెనంలో ఆ మన్ను పోయించి, కింద చెరుకు పిప్పి మంట పెట్టించి, దోరగా వేయించాను. చూడ్డానికి ఊరంతా వచ్చింది.

"సారు ఏం వండుతుండు?" అని ఒకాయన అడిగాడు.

"శుద్ధి చేస్తున్న," అన్నాను గంభీరంగా. అమ్మ కొంగు సర్దుకుని జనం వెనక్కి జరిగింది.

వయ్యారిభామను పీకించి, గుంటలు తీయించి, నా శుద్ధమైన మన్ను నింపి విత్తనం పెట్టాను. మొలకలు జానెడు కూడా ఎదగకుండా పాలిపోయి చచ్చాయి. వయ్యారిభామ మాత్రం ఆ గుంటల్లోనే నడుమెత్తు లేచి తెల్లగా పూసింది. ఆ తర్వాత ఆదివారాలు ఇంటికి వచ్చినా గట్టు వైపు పోలేదు.

రెండో ఏడు వానలు వెనకబట్టాక అమ్మే పిలుచుకుపోయింది. గట్టు చివర, నేను చెయ్యి పెట్టని మూల, నాలుగు తంగేళ్లు పసుపు గుత్తులతో నిలబడి ఉన్నాయి.

"నువ్వు పెనంల పోయకముందే గంపెడు మన్ను దాసిన," అంది తల వంచుకుని. "గీడ పోసి ఇత్తనం పెట్టిన."

"మరి నాకు అప్పుడే చెప్పొద్దా అవ్వా?"

"ఊరంత సూస్తుండ్రు. పదిమందిల సారును కాదంటనా బిడ్డా?"

ఏళ్లుగా బొమ్మ గీసి చెప్పిన బూజునే నేను మంట మీద వేయించానని అప్పుడు తట్టింది. తప్పు చేసింది నేను, తల వంచుకున్నది ఆమె.

నాలుగు చెట్ల పువ్వు తాంబాలంలో ఒక వరసకే సరిపోయింది. అంగట్లో ఇంకొంత తెస్తానంటే వద్దంది. ఆ ఏడు వాడకట్టులో అన్నిటికంటే చిన్న బతుకమ్మ మాదే. అమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తుకుని అందరికంటే ముందు నడిచింది.