గెనిమ మీద కంప

"గెనిమ మింద సెట్లకు నీళ్లు మర్సొద్దు. కంప జరిగిందేమో సూడు."

"సెట్లు యాడికీ పోవులే. ముందు నువ్వు పండుకో."

హిందూపురం ఆసుపత్రికి పోతూ ఆటోలో నేనూ మా ఆయనా అనుకున్న చివరి మాటలివి. ఆయన తల నా ఒడిలో ఉంది. పెనుకొండ దాటేసరికి మాట పడిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గరే ప్రాణం పోయింది.

గెనిమ అంటే చేను గట్టు. గెనిమల మీద కంచె మొక్కలు నాటే పెనుకొండ సంఘం వాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారు. అందులో మా ఆయన గురించి చెప్పమన్నారు. నాకు సంతకం తప్ప అక్షరం రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా గెనిమ నిండా కలివి, బలుసు, రేగు పొదలు. వాటి కింద కౌజు పిట్టలు గుడ్లు పెట్టేవి. శనక్కాయ రెండు సాళ్లు ఎక్కువ పడుతుందని జేసీబీ పెట్టి మేమే పెరికించాం. అప్పటి నుంచి కౌజు కూత లేదు. ఆయన రోజూ పొద్దున్నే గెనిమ మీద నిలబడి చెవి పెట్టేవాడు.

అందుకే సంఘం వాళ్లు వస్తే అడగకముందే ఒప్పుకున్నాడు. ఆదివారం ఆదివారం వచ్చేవాళ్లు. హిందూపురం పంతులమ్మ ఒకామె, ధర్మవరంలో మగ్గం నేసే ఆయన ఒకడు. ఆ మగ్గమాయన గడ్డపార కాలి మీదే వేసుకోబోయాడు. "నిదానమప్పా, అది పడుగు కాదు, నేల!" అన్నాడు మా ఆయన. పక్క చేనాయన వచ్చి, "ఏమప్పా, కుందేళ్లకు ఇండ్లు కట్టిస్తాండావా?" అన్నాడు. "ఊ, నీకన్నా మంచి ఇరుగుపొరుగు కావల్ల గదా!"

మొక్కలను ఏవీ మేయకుండా తుమ్మకంప కొట్టి గెనిమ పొడుగునా పేర్చాడు. చేతుల నిండా ముళ్లు. సాయంత్రం నేను పిన్నీసుతో తీస్తుంటే, "ఒకటి ఉండనీలే, గుర్తుంటాది" అని నవ్వేవాడు.

ఆయన పోయాక మూడు నెలలు నన్ను గడప దాటనియ్యలేదు. మాలో అంతే. మొక్కలకు నీళ్లు ఈ రాసే పిల్లే మోసింది, క్యాన్లతో. ఇంట్లో కూర్చుని ఆయన చేసే పనులు ఒక్కొక్కటే తలుచుకునేదాన్ని, ఏదీ ఆగకూడదని. ఏటా వానలకు ముందు ఎరువు కోసం చేన్లో గొర్రెల మంద పెట్టించేవాడు. రాత్రి చేన్లోనే ఉంచి పొద్దున తోలుకుపోతారు. అదీ ఆగకూడదనుకున్నా. గొర్రెలాయనకు నేనే కబురు పెట్టా.

మంద చుట్టూ దడి కట్టాలంటే కంప కావాలి. ఆ కంప మా ఆయనే ముందుగా కొట్టి పెట్టేవాడు. ఈసారి నాకది తట్టలేదు. గొర్రెలాయనకు గెనిమ మీద ఎండిన కంప కనిపించింది. దాన్నే ఈడ్చి దడి కట్టాడు. పొద్దున దడి తీయగానే గొర్రెలు గెనిమ ఎక్కాయి.

ఈ పిల్ల నీళ్లకు పోయి నిండు క్యానుతోనే తిరిగొచ్చింది. "పోసేకి ఏమీ లేవత్తా" అంది. అప్పుడు గడప దాటాను. ఎవరూ ఆపలేదు. గెనిమ మీద పుల్లలే మిగిలాయి. గొర్రెలాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "ఆయప్ప నాకోసమే కొట్టి పెట్టినాడనుకుంటినమ్మా" అన్నాడు.

ఆదివారం సంఘం వాళ్లు వచ్చారు. "మేకలు పడ్డాయా అమ్మా?" అంది పంతులమ్మ. అవునన్నట్టు తల ఊపాను. బెరడు గోకి చూస్తే ఒకటి రెండు పుల్లల్లో పచ్చ ఉందంది. నాకు కనిపించలేదు. వానలకు మళ్లీ నాటుదామన్నారు. నా మోకాళ్లకు బిందె ఎత్తే బలం లేదు. వచ్చే నెల ఈ పిల్ల హిందూపురంలో బట్టల కంపెనీకి పోతుంది.

మేకలు కావు. మంద పిలిపించింది నేను.

ఈ మాటకు రాసే చెయ్యి ఆగింది. "అది వద్దులే అత్తా, మామ గురించి గదా అడిగింది" అంటోంది. రాయమన్నాను. పెన్ను కదిలింది. ఏం రాసిందో నాకేం తెలుస్తుంది?

ఏమే, ఆ మాట పెట్టినావా లేదా? యాడుండాదో వేలు పెట్టి సూపించు. మొదటి నుంచి సదువు, నేనింటా.