సమేలన్న బన్నులో చీజ్

నిన్న పొద్దున బీదర్ నుంచి సుజాత ఫోన్. మా పెద్దమ్మ కొడుకు సమేలన్న కూతురు.

"అత్తమ్మా... నాయన పోయిండు."

స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయినా అక్కడే నిలబడ్డాను.

నమ్మబుద్ధి కావడం లేదు. మొన్న ఆదివారమే కదా మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఆయన వాయిస్ మెసేజ్ విన్నాం!

గ్రూప్‌లో లేనివాళ్ల కోసం చెబుతాను. అసలు సిసలు బీదర్ బన్నులో ఏముండాలని మా మనవలు వారం రోజులుగా కొట్టుకుంటున్నారు. ఒకడు మయోనైజ్ అంటాడు, ఇంకొకతె క్యాబేజీ అంటుంది. చివరికి ఆ బన్ను చేసిన మనిషినే అడిగారు.

అన్న గొంతు బొంగురుపోయింది. దబాయింపు మాత్రం తగ్గలేదు.

"మాంసం సన్నగ కొయ్యాలె. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. టమాట ఎయ్యొద్దు, ఏస్తే అది బన్ను గాదు, పులుసు. చీజ్ ఎయ్యాల్నా వద్దా అంటే... గది మా చెల్లె కరుణమ్మను అడుగుండ్రి. ఆమెకెర్క."

కరుణమ్మ అంటే నేనే.

"అమ్మమ్మా, చెప్పు" అని పిల్లల మెసేజ్‌లు. టైప్ చేశాను. డిలీట్ చేశాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నా బతుకంతా రేపే.

ఇవాళ చెబుతున్నాను.

అప్పటికి మాది ఇంకా మైసూర్ స్టేట్. కరువు ఏడు. నాకు పందొమ్మిదేళ్లు, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. అన్న ఊరి నడుమ చౌబారా బురుజు దగ్గర బండి మీద పెద్ద పెనం పెట్టుకుని బన్నులు అమ్మేవాడు. పెద్దకూర పల్చగా కోసి, ఉల్లిగడ్డతో వేయించి, అట్లకాడతో టకటకా కొట్టి బన్నులో కుక్కేవాడు. టమాటా అడిగినవాళ్లకు కూరగాయల బజారు దారి చూపించేవాడు.

ఆ ఏడు మా చర్చి కాంపౌండ్‌లో ఇంటింటికీ పాలపొడి, చీజ్ డబ్బాలు పంచారు. ఏ దేశం నుంచో వచ్చినవి. పాలపొడి తెలుసు. చీజ్ ఎవరికి తెలుసు? మా అమ్మ దాన్ని సబ్బనుకుని రెండు చీరలకు రుద్దింది. నురగ రాలేదని ఇచ్చినవాళ్లను తిట్టింది కూడా.

అందరూ పారేస్తుంటే అన్న ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకున్నాడు. వేడి మాంసం మీద ఒక ముక్క పెడితే పసుప్పచ్చగా కరిగి అతుక్కుపోయేది. మాంసం సగమే వేసినా కడుపు నిండేది.

ఆ బన్ను ఎవరికి పెడుతున్నాడో నేను అడగలేదు. బన్నులో చీజ్ పెట్టడం చూశాను. బండి కింద డబ్బాలు చూశాను. ధర్మానికి వచ్చిన సరుకు అమ్మకూడదని రూల్. అంతే, నాకు భక్తి పొంగుకొచ్చింది.

బుధవారం ప్రార్థన కూటంలో సంఘం పెద్దాయన ఎప్పటిలాగే "ప్రార్థన అంశాలుంటే చెప్పుండ్రి" అన్నాడు.

చాడీ చెప్పడానికి మావాళ్లకు అంతకన్నా పవిత్రమైన చోటు లేదు.

లేచి నిలబడ్డాను. "మా సమేలన్న కోసం ప్రార్థన చెయ్యుండ్రి. బీదోళ్లకొచ్చిన చీజ్ అమ్ముకుంటుండు. దేవుడు ఆయన మనసు మార్చాలె."

అన్న నా వెనక చాప మీదే కూర్చుని ఉన్నాడు. నేను చూసుకోలేదు.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన దురాశ కోసం, ఆయన దొంగబుద్ధి కోసం చాలాసేపు ప్రార్థించారు. చివర్లో అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నది అన్నే.

మర్నాడు పెద్దలు వెళ్లి డబ్బాలు తెచ్చేసుకున్నారు. మావాళ్లు చాలామంది ఆయన దగ్గర తినడం మానేశారు.

పది రోజుల తర్వాత మా గుమ్మంలోకి లచ్చమ్మ అని ఒకామె వచ్చింది. జనవాడ రోడ్డు మీద కరువు పనికి కంకర కొట్టే మనిషి. చేతులంతా పుండ్లు.

"అమ్మా, గా పస్పు బన్నులు పెట్టే అన్న ఇల్లు యాడ? పొద్దుమీకి వచ్చి మా పిల్లలకు ఊకెనే పెడుతుండె. జెరమొచ్చిందో ఏమో, వస్తలేడు."

ఊకెనే. అంటే ఉత్తపుణ్యానికే పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అన్న దగ్గరికి పరుగెత్తాను. "ఆ రోజే ఎందుకు చెప్పలే అన్నా?" అని ఏడ్చాను.

ఉల్లిగడ్డ కోస్తూ తలెత్తకుండానే అన్నాడు. "ప్రార్థన నడుస్తుంటే నడుమ మాట్లాడొద్దని మా అమ్మ నేర్పింది చెల్లె."

"వచ్చే బుధవారం నేనే లేచి అందరి ముంగట చెప్త."

"చెప్పు" అన్నాడు.

చెప్పలేదు.

ఆ బుధవారం లేవబోయి కూర్చున్నాను. సిగ్గు. మరుసటి బుధవారమూ అంతే. తర్వాత స్టేట్ పేరు కర్ణాటక అయింది, నాకు భాల్కిలో ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆ కూటంలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే కన్నుమూశారు, సమేలన్నను దొంగ అనుకుంటూనే.

అన్న మళ్లీ బన్నులో చీజ్ వేయలేదు. నన్ను ఒక్కసారీ ఆ మాట అడగలేదు. నా పిల్లలు బీదర్ వెళ్తే పెనం మీది మొదటి బన్ను వాళ్లకే.

మొన్న ఆదివారం అడిగాడు. అది నన్ను అడగడమని నాకొక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు. పాపిష్టిదాన్ని.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర, మట్టి వేసే ముందు, "ఎవరన్న రెండు మాటలు చెప్తరా?" అని పాస్టర్‌గారు అడిగారు. సుజాత నా వైపు చూసింది. నా కాళ్లు మళ్లీ కదల్లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. అందరూ కళ్లు తెరిచి చదవండి.

సమేలన్న ఏదీ అమ్ముకోలేదు. ఆకలితో ఉన్న పిల్లలకు ఊరికే పెట్టాడు. తెలుసుకోకుండా నింద వేసింది నేను. తెలిశాక నోరు మూసుకున్నదీ నేనే.

పిల్లలూ, మీరడిగినదానికి జవాబు.

మాంసం సన్నగా. ఉల్లిగడ్డ. పచ్చిమిరపకాయ. టమాటా వద్దు.

చీజ్ ఉండాలి.

అన్నా, ఎవరి మాటా నిన్ను గుచ్చని చోట హాయిగా పడుకో.

ఈసారి ఆమెన్ నేనంటాను.