ఇద్దరికో పుస్తకం

కొరియాలోని గున్‌సాన్ ఊళ్ళో, కోర్టు వీధిలో తక్ మాన్‌సు లాయరుగారికి ఉన్నది ఒకే ఒక్క లోపం. ఆయన నడిపే చర్చి క్వయర్‌లో ముప్ఫై మంది పాడేవాళ్ళుంటే పాటల పుస్తకాలు పదిహేనే ఉండేవి. ఇరవై మంది వస్తే పది. ఒకసారి ఊరంతా జలుబు చేసి ఎనిమిది మందే వచ్చారు. ఆ రోజు నాలుగే కనిపించాయి.

ఆయన గుమాస్తా మీరాన్‌కు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆయన కాగితాలు సర్దుతూ, ఆయన క్వయర్‌లో పాడుతూ ఉన్న మనిషి. ముసలాయనకు మతిమరుపని సరిపెట్టుకుంది.

"పక్క వీధిలో నకళ్ళు తీయించుకొస్తానండీ, పది నిమిషాల పని," అంది ఒకసారి.

లాయరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "హక్కుదారుడి అనుమతి లేకుండా నకలు తీయడం నేరం అమ్మా. లాయరునై ఉండి నేనే చేయించనా?"

"అయితే ఇంకో పది కొనండి."

"కొనొచ్చు," అని కళ్ళజోడు పెట్టుకుని, కూనిరాగం తీస్తూ ఫైల్లో తల దూర్చేశారు.

కొత్త పుస్తకాలు సియోల్ నుంచి బస్సులో వచ్చేవి. ఎండైనా మంచైనా ఆ కట్ట కోసం ఆయనే బస్టాండుకు వెళ్ళేవారు. ఇంకొకరి చేత మోయించేవారు కాదు.

క్వయర్‌కు మనుషుల్ని పట్టడం ఇంకో చిత్రం. తగాదాతో వచ్చినవాళ్ళను మిగతా లాయర్లు "ఏం జరిగింది?" అని అడుగుతారు. ఈయన, "ఏదీ, ఆ తిట్టు ఇంకాస్త పై స్థాయిలో తిట్టండి," అనేవారు. మేంగ్ గారి రేగుచెట్టు కేసు అలాగే మొదలైంది. మేంగ్ గారి పెరట్లో చెట్టు, గోడవతల పక్కింటి గూక్ గారి పెరట్లో పళ్ళు. గూక్ గారు కొమ్మ నరికేశారు. మేంగ్ గారి తరఫున తక్ లాయరుగారు దావా వేశారు. వేసిన వారానికే గూక్ గారిని కూడా క్వయర్‌లో చేర్చుకున్నారు.

అవతలి లాయరు కోర్టులో లబోదిబోమన్నాడు. "అయ్యా, నా కక్షిదారుడు ప్రతి శనివారం వాది లాయరు చేతికింద పాడుతున్నాడు! నా మాట వినడం మానేశాడు!"

"ఏమంటారు తక్ గారూ?" అన్నారు జడ్జిగారు.

"ఏమననండీ, పై స్థాయి టెనార్ గొంతులు దొరకడం బొత్తిగా కష్టంగా ఉంది," అని లాయరుగారు ఒక్క క్షణం చెవి ఒగ్గారు. "తమరిది మాత్రం కింది స్థాయికి మంచి బేస్ గొంతు. శనివారాలు ఖాళీయేనా?"

క్వయర్‌లో ఆయన చట్టం ఒకటుండేది. పుస్తకం పట్టుకున్నవారు పేజీ తిప్పకూడదు. పక్కవారు తిప్పాలి. అదీ, పట్టుకున్నవారు తల ఊపాకే. మేంగ్ గారికి దగ్గరివి కనబడవు, గూక్ గారికి దూరానివి కనబడవు. ఆ ఇద్దరికీ ఒకటే పుస్తకం.

"ఇటు తేవయ్యా!" అనేవారు గూక్ గారు.

"తెస్తే ముక్కుకు అంటించుకుంటావా?"

"నీ చెయ్యి ఇంకో మూరెడు పొడుగుంటే రైల్వే సిగ్నలుకు పనికొచ్చేది!"

నాలుగో శనివారం గూక్ గారు ఓర్చుకోలేకపోయారు. "నీ కళ్ళజోడు ఎన్నాళ్ళ నాటిదయ్యా? మా అల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణమే. పద, చూపించుకొద్దాం." కేసు ఏమైందో ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆ ఏడు రేగుపళ్ళు మాత్రం క్వయరంతా తిన్నారు.

మీరాన్ కూడా ఈ వేడుకలకు నవ్వేదే, తన పక్కన ఎవరు కూర్చున్నారో గుర్తొచ్చేదాకా. అక్క బొక్‌సూన్.

అమ్మ పోయాక, అమ్మ సోయా సాస్ ఊరబెట్టే జాడీని అక్క తనింటికి మోయించుకుపోయింది. పాతదానికి కొత్తది తోడు పోస్తూ మూడు తరాలుగా నిలుపుకొచ్చిన జాడీ. చివరి ఆరేళ్ళూ రోజూ మూత తీసి దానికి ఎండ చూపించినదాన్ని, ఒక్క మాట అడగలేదే అని మీరాన్ బాధ. పెద్దదాన్ని, నేనడగడమేమిటని అక్క పంతం. మూడేళ్ళుగా మాటల్లేవు.

"లాయరుగారూ, నేను అక్క పక్కన కూర్చోను."

"మంచిదమ్మా. కానీ పుస్తకాలు లేవే!"

"నిలబడి పాడతాను."

"నిలబడితే మాత్రం పుస్తకం అక్కర్లేదా?"

కూర్చుంది. అక్క పుస్తకం పట్టుకుని తల ఊపేది, మీరాన్ పేజీ తిప్పేది. అక్కకు మెడనొప్పి ఎప్పుడు ఎక్కువైందో ఆ ఊపులోనే తెలిసిపోయేది. ఎలా ఉందని అడగాలని నోటిదాకా వచ్చేది. ఈలోగా పాట మొదలయ్యేది.

కిందటి వసంతంలో, డెబ్భై ఆరో ఏట, లాయరుగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. సంస్మరణ ఆరాధనకు ఆయన చేతికింద పాడినవాళ్ళంతా వస్తామన్నారు. అరవై నలుగురు. పుస్తకాలు పదిహేను. మీరాన్ తల పట్టుకుని కూర్చుంటే లాయరుగారి భార్య ఆఫీసుకొచ్చి ఒక తాళంచెవి చేతిలో పెట్టింది. "కాగితాలు వేరే లాయరుకు అప్పగించాలి కదా అమ్మా."

అది 'ముగియని కేసులు' అని రాసున్న బీరువాది. లాయరుగారు తప్ప ఎవరూ తెరిచి ఎరగరు.

అందులో ఒక్క కేసు కాగితమూ లేదు. అరల నిండా పుస్తకాల కట్టలు. ప్రతి కట్టా నలభై పుస్తకాలది. అందులోంచి పదిహేను తీసి, మిగతావి మళ్ళీ పురికొసతో కట్టేసి ఉన్నాయి.

"చాలడం లేదని ఇంట్లోనూ అంటూ ఉండేవారే!" అని లాయరుగారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

పై కట్టలో ఒక కాగితం. ఆయన చేతిరాతే. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో వేసిన పట్టీ. పేర్లు లేవు. 'రేగుచెట్టు, గోడ: అయిపోయింది, అలవాటు కొద్దీ కూర్చుంటారు.' 'అత్త, కోడలు: ఇంకా మోచేతులు తగులుతున్నాయి.' అన్నిటికన్నా కింద, 'సోయా జాడీ, మూత: తలలు బాగానే ఊపుకుంటున్నారు. తొందరపెట్టకూడదు.'

మీరాన్ ఆ కాగితం మడిచి దాచుకుంది. తర్వాత లెక్కపెట్టి, బయటున్న పదిహేనుకు తోడు పదిహేడు తీసి ముప్ఫై రెండు చేసి, బీరువాకు తాళం వేసింది.

ఆదివారం ఆరాధనలో అక్క తల ఊపింది. మీరాన్ పేజీ తిప్పింది. అక్కడ ఆ పట్టీ ఉంది. అక్క చదివింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని మీరాన్ కంగారుపడింది.

"నేను జాడీనా?" అంది అక్క, పాట మధ్యలో.

"లావుగా ఉన్నది నువ్వే కదా."

మూడేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలవి. నవ్వాపుకునేసరికి మిగతా క్వయర్ రెండు పేజీలు దాటిపోయింది. గూక్ గారు వెనక్కి తిరిగి ఉరిమి చూశారు.

ఆరాధన అయ్యాక ఇద్దరూ పుస్తకాలు ఆఫీసుకు మోసుకొచ్చారు.

"రేపొక ఖాళీ సీసా పట్టుకురా," అంది అక్క.

"ఒకటేం చాలుతుంది?"

"మూతకెంత కావాలే?"

బీరువా మూశారో లేదో మేంగ్ గారు వచ్చారు. "అమ్మా మీరాన్, ఇప్పుడైనా తలో పుస్తకం ఇప్పించకూడదూ? ఆ గూక్‌తో నా మెడ పట్టేస్తోంది."

మీరాన్ నోరు తెరిచేలోపే, బీరువా తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ బొక్‌సూన్ అందుకుంది.

"ఎక్కడివండీ? నేనూ వెతికాను. లేవు."