పండ్లతోని ఇంజన్ ఇనే ఈదయ్య

మెకానిక్ ఈదయ్య చెవిటోడయ్యి, బట్టల దుకాణం నరహరి సేటు కారును ఖరాబు చేసిండని దేవరకొండల అందరు అంటున్నరు. ఉత్త అబద్ధం. చెవులు పోయినమాట నిజమే గని, ఆయన ఇంజన్‌ను పండ్లతోని ఇంటడు. స్క్రూడ్రైవర్ పిడిని పండ్ల నడుమ కర్సుకొని, మొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనిచ్చి కండ్లు మూసుకుంటడు. లోపటి అదురు దవడలకెక్కుతది. టైమింగ్ బెల్టు వదులైతే ఒక తీరు, దాని బేరింగ్ అరిగితే ఇంకో తీరు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి తప్పు చెప్పలే. మొన్న గట్లనే వంగి ఇంటుంటే, సీట్ల కూసున్న సేటు పక్కోళ్లకు కన్నుగొట్టిండు. "సూడుండ్రి, ముసలోడు ఎట్ల ఎగురుతడో!" అని ఒక్కపారి రేసు తొక్కిండు. స్క్రూడ్రైవర్ జారి చిగురు చీరుకపోయింది, ముందటి పన్ను ఇరిగింది. అందరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. ఈదయ్య నెత్తురు ఉమ్మేసి చేతులు జోడించిండు.

"సేటూ, బెల్టు తెగేటట్టున్నది. బండి ఆపెయ్యి, నడిపితే వాల్వులు వంగుతయ్."

"ముందుగాల నీ పన్ను ఏరుకో తాతా!" అని సేటు బండి ఉరికిచ్చిండు.

ఊరు దాటకముందే బెల్టు తెగింది, ఇంజన్ పోయింది. ముసలోడే చెడగొట్టిండని సేటు బజారంత చెప్పిండు. గా నవ్వినోళ్లల్ల ఒక్కడు నోరు ఇప్పలే. ఇప్పుడు ఈదయ్య షెడ్డుకు ఒక్క బండి వస్తలేదు. అటు దిక్కు పోయేటోళ్లు జర ఆయన్ను చూసి రాండ్రి. నోరు వాచి గంజి గూడ మింగుతలేడట. ఎనుకనుంచి పోయి ముట్టుకోకుండ్రి, ఉలిక్కిపడి రెండు చేతులతోని నోరు మూసుకుంటుండు.