పొడుగు పిల్లవాడికి గుడ్ల అట్ట

ఈ రోజు మా ఊరి అంగన్‌వాడీలో, పిల్లలు ఎదగాలంటే ఏం పెట్టాలో తల్లులకు చెప్పే మీటింగ్ పెట్టారు. కోడలితో, మనుమరాలితో నేనూ వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాను. మనుమరాలికి నాలుగేళ్లు. చూస్తే రెండేళ్ల పిల్లలా ఉంటుంది.

సిద్దిపేట నుంచి వచ్చిన మేడం రోజూ గుడ్డు పెట్టాలని చాలాసేపు చెప్పారు. తర్వాత పిల్లలను గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు. అందరికంటే పొడుగ్గా ఉన్న కిరాణా దుకాణం వాళ్ల పిల్లవాడికి బహుమతిగా ఒక అట్ట నిండా గుడ్లు ఇచ్చారు.

మా కోడలు మెల్లగా లేచింది. "మేడం, మా పిల్లకు గూడ రెండన్న ఇయ్యరా?"

"గివి మంచిగ పెరిగినోళ్లకమ్మా. నీ బిడ్డను గూడ పెరగనియ్యి, అప్పుడిస్తం."

అందరూ నవ్వారు. కోడలు తల వంచుకుని కూర్చుంది.

అట్ట అందుకుంటూ ఆ పిల్లవాడి తల్లి, "మావోడు గుడ్డు వాసనొస్తెనే కక్కుతడు మేడం" అంది. అయినా చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా మనుమరాలే.

నాకు నలుగురిలో మాట రాదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. చప్పట్లు కొడితే పిల్లలు పొడుగవుతారా? తెలిసినవాళ్లు చెప్పండి, రేపు మళ్లీ కొట్టిస్తాను.