బావ చెక్కిన అక్క మొహం

నిన్నటి నుంచీ నా గుండె దడ తగ్గలేదు. మా బావ ఇంత పని చేస్తాడని ఎవరైనా చెబితే, పోవోయ్ అని కొట్టిపారేసేదాన్ని.

ఆయన్ని నేను మార్జిన్ మహారాజు అంటాను. మొహం మీదే అంటాను, మరదల్ని కదా, ఆ మాత్రం హక్కుంది. చిత్రకారులు గీసిచ్చిన బొమ్మని చెక్క దిమ్మ మీద చెక్కి, సిరా పూసి, ప్రెస్సులో పెట్టి కాగితం మీదకి దించడం ఆయన పని. బొమ్మ ఎంత బాగా దిగనీ, చుట్టూ వదిలిన తెల్లటి అంచు మీద వేలి మరక కనిపించిందా, ఆ కాగితం చెత్తబుట్టకే. అదే వర్క్‌షాపులో నేను సిరా కలుపుతాను. "చేతులా అవి, చీపుర్లా?" అని రోజూ తిట్లు తింటూనే ఉంటాను.

ఇంత పనిమంతుణ్ణి ఒక పెద్ద చిత్రకారుడు ఒకసారి నవ్వుతూ, "నీ చేతిలో పని ఉందయ్యా, బొమ్మ లేదు" అన్నాడు. బావ కూడా నవ్వేశాడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని అక్క తర్వాత చెప్పింది.

ఈ ఏడాది మా వర్క్‌షాపు పెట్టే బొమ్మల ప్రదర్శనలో ఒక గోడ ముక్క ఆయనకిచ్చి, సొంత బొమ్మ పెట్టుకోమన్నారు. ఇన్నేళ్ల పనిలో ఆయనకి ఇదే మొదటిసారి. అక్కని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఏంటండీ ఆ చూపు? పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు చూడలేదు" అని అక్క మెలికలు తిరిగిపోయింది.

ట్రేసింగ్ కాగితం లేనిదే గీత గీయని మనిషి, ఆ రోజు కుంచె పట్టుకుని నేరుగా చెక్క మీదే గీసేశాడు. ఆ ఊపులో ఎన్ని ఆదివారాలు చెక్కాడో! దిమ్మ మీద అచ్చంగా మా అక్కే. ఎడమ కనుబొమ్మలో చిన్నప్పటి దెబ్బ మచ్చ, నవ్వితే ఓ పక్కకి వంగే పెదవి, అన్నీ ఉన్నాయి. నాకు కళ్లు చెమర్చాయి.

నిన్న మధ్యాహ్నం మొదటి అచ్చు. నేను సిరా పూశాను, ఆయన ప్రెస్సు తిప్పాడు. కాగితం మూల పట్టుకుని మెల్లగా లేపాడు.

అది మా అక్క కాదు. అక్క పోలికలున్న ఇంకెవరో! మచ్చ కుడి కనుబొమ్మకి పోయింది, పాపిట అటుది ఇటైంది, నవ్వు రెండో పక్కకి తిరిగింది. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి, అందుకే ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి బొమ్మ చెక్కాలి. కొత్తగా చేరిన వాళ్లకి మొదటి రోజే చెప్పే పాఠం అది. చెప్పేదెవరు? మా బావే! మర్చిపోయిందెవరు? మా బావే!

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరీవిడ?" అని కాగితాన్నే అడిగాడు. కాగితం చేతిలోంచి జారింది. కింద పడనివ్వకుండా ఎగబడి పట్టుకున్నాను, సిరా చేతులతోనే. అంచు మీద నా బొటనవేలు నల్లగా దిగింది. అయిపోయాను అనుకున్నాను. ఆయన తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది.

వెనక్కి తిరిగి పెద్ద ఉలి అందుకుని, దిమ్మ మీద అక్క నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క లాగు లాగాడు. చెక్క చీలిన చప్పుడుకి కెవ్వుమన్నాను. ఇక ఆ దిమ్మ మరో అచ్చుకి పనికిరాదు.

"పిచ్చి పట్టిందా బావా నీకు!"

"గోడ ఖాళీగా ఉంచుకోమని ప్రదర్శన వాళ్లకి చెప్పెయ్" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అక్క క్యారేజీతో లోపలికొచ్చింది. నేను దాచేలోపే కాగితం చూసేసింది.

"అయ్యో, ఇది నేనే!" అంది.

బావా నేనూ మళ్లీ కాగితం వంక చూశాం.

"ఏ ఫొటోలో చూసినా పరాయిదానిలా ఉంటానే. పొద్దున్నే తల దువ్వుకునేటప్పుడు అద్దంలో ఉండేది ఇదే." బావ వైపు తిరిగింది. "ఇది నాకొక్కదానికే తెలిసిన మొహం. మీకెలా దొరికిందండీ?"

నేను దిమ్మకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇంకోటి తీసివ్వండి, ఇంట్లో పెట్టుకుంటాను."

అక్క నన్ను పక్కకి తోసి చూసింది. చీలికలో వేలు పెట్టి, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా నడిపింది.

"నేను కాదనుకుని నరికారా?"

"నాకు కనిపించే నువ్వు ఇందులో లేవనుకున్నాను" అన్నాడు బావ.

అక్క కళ్లు తుడుచుకుని, వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. "అయితే అది కూడా చెక్కండి. ఇది మాత్రం రేపు గోడ మీద ఉండాలి."

బావ నా చేతిలోంచి అచ్చు తీసుకున్నాడు. "అంచు పాడైంది బావా" అన్నాను భయం భయంగా. నా వేలిముద్ర వంక చూసి, పెన్సిల్ తీసి, దాని పక్కనే తన పేరు రాశాడు. అక్షరాలు వంకరగా పడ్డాయి. చెరిపి మళ్లీ రాస్తాడేమోనని చూశాను. రాయలేదు.